ఫిఫ్త్ వీల్ క్యాంపర్ వెనక చిన్న బోటు కట్టి తీసుకెళ్లడం ఎలా?

ఏటా ఏప్రిల్‌లో ఇక్కడి సరస్సుల మీద మంచు కరగడం మొదలవగానే నాకు ఫోన్లు కూడా మొదలవుతాయి. "అన్నా, క్యాంపర్ కొన్నాను. బోటు ముందే ఉంది. రెండూ ఒకే ట్రిప్పులో లాక్కెళ్లొచ్చా? నువ్వు లాక్కెళ్తావట కదా?" అందరికీ అదే జవాబు చెప్పి చెప్పి విసుగొచ్చింది. అందుకే ఒకసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నాను. మేముండేది అమెరికాలోని మిన్నెసోటాలో, మినియాపొలిస్ శివార్లలో. నా లెక్కలన్నీ ఇక్కడివే.

పొట్టి జవాబు: కొన్ని రాష్ట్రాల్లో లాక్కెళ్లొచ్చు. ముందు పికప్, దానికి ఫిఫ్త్ వీల్ (ముక్కు పికప్ తొట్టి మీద కూర్చునే క్యాంపర్, అంటే చక్రాల మీది చిన్న ఇల్లు), దాని తోకకు బోటు ట్రైలర్. చిన్న రైలన్నమాట. మొదటి రెండింటినీ నడపడం మీకు అలవాటే అనుకుంటాను. మూడోది వేరే జాతి. అది అద్దాల్లో కనిపించదు. దాని టైరు పేలినా స్టీరింగ్‌కు తెలియదు. వెనక్కి తోస్తే మాట వినదు. కింద రాసిందంతా ఈ మూడు చిక్కుల గురించే.

ముందు ఒక్క మాట: అసలు కట్టాలా?

ఇంట్లో రెండో డ్రైవరు, బోటు లాగగలిగే ఎస్‌యూవీ ఉంటే బోటును దానికి కట్టండి. పెట్రోలు ఖర్చు కాస్త పెరుగుతుంది, టెన్షన్ మాత్రం సగానికి సగం తగ్గుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లే వెళ్లేవాళ్లు సరస్సు దగ్గరి రిసార్టులో రోజు అద్దెకు బోటు తీసుకోవడం మేలు. గాలి నింపే బోటైతే క్యాంపర్ లోపలే పెట్టుకుపోవచ్చు. ఇవేవీ కుదరనివాళ్లు, వేసవిలో ప్రతి రెండు వారాలకూ బయల్దేరేవాళ్లు ముందుకు చదవండి.

ఇంకో సంగతి. మీది బంపరు కింద బాల్‌కు (ఇనుప గుండుకు) తగిలించే మామూలు ట్రావెల్ ట్రైలరైతే ఇది మీకు పనికిరాదు. ఫిఫ్త్ వీల్ బరువు పికప్ వెనక యాక్సిల్ మీద కూర్చుంటుంది కాబట్టే దాని తోక ఊగడం తక్కువ. ట్రావెల్ ట్రైలర్ తోకకు ఇంకో బండి కడితే ఊపు రెట్టింపవుతుంది. మిన్నెసోటా చట్టం ఈ అనుమతిలో చెప్పింది కూడా ఫిఫ్త్ వీల్ గురించే.

కావలసినవి

- ముప్పావు టన్ను లేదా ఒక టన్ను తరగతి పికప్, బ్రేక్ కంట్రోలర్‌తో (ట్రైలర్ బ్రేకులను నడిపేది)
- ఫిఫ్త్ వీల్ ఫ్రేముకు బిగించిన 2 అంగుళాల రిసీవర్ హిచ్ (బాల్ మౌంట్ దూర్చే చదరపు గొట్టం)
- కిందికి దిగి ఉండే బాల్ మౌంట్, బోటు కప్లర్‌కు (బాల్ మీద కూర్చునే ట్రైలర్ మూతికి) సరిపోయే బాల్
- నాలుగు వైర్ల చదును కనెక్టర్, ఫ్యూజ్ ఉన్న పవర్డ్ కన్వర్టర్
- క్యాంపర్ వెనక వైర్‌లెస్ కెమెరా
- బోటు ట్రైలర్ చక్రాలకు కూడా టైర్ ప్రెషర్ సెన్సర్లు
- బోటు ట్రైలర్‌కు స్పేర్ టైరు, బేరింగులతో సహా ఒక స్పేర్ హబ్ (చక్రం మధ్య భాగం), గ్రీజు
- టంగ్‌కు (ట్రైలర్ ముందు కడ్డీకి) చక్రం ఉన్న జాక్, నాలుగు అడ్డు చెక్కలు
- కొలత టేపు, బాత్రూమ్ తూకం మిషను, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు

కెమెరా, సెన్సర్లు లేకుండా నెట్టుకొస్తామనేవాళ్లు ఉంటారు. నేనూ మొదటి వేసవి అలాగే నెట్టుకొచ్చాను. పక్క లేన్‌లోని ముసలాయన హారన్ కొట్టి చూపించేదాకా బోటు ట్రైలర్ కుడి టైరు పోయిందని నాకు తెలియలేదు. అప్పటికి రిమ్ము రోడ్డు మీద నిప్పులు రాలుస్తోంది.

1. రాష్ట్రం రూలు చూసుకోండి

అమెరికాలో దీనికి దేశమంతటికీ ఒకే రూలు లేదు. మిన్నెసోటా, మిషిగన్, టెక్సస్ లాంటి చోట్ల ఒప్పుకుంటారు. న్యూజెర్సీ, న్యూయార్క్, వర్జీనియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఒప్పుకోరు. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి అడిగిన తమ్ముడికి అందుకే "బోటు మర్చిపో" అని ఒక్క ముక్కలో చెప్పాను.

మిన్నెసోటాలో షరతులివి. మొత్తం పొడవు 70 అడుగులు దాటకూడదు. నడిపేవారికి 18 ఏళ్లు నిండాలి. వెనక లాగే బళ్లన్నిటి బరువూ కలిపి పికప్ లాగే సామర్థ్యంలోపే ఉండాలి. చాలామందికి తెలియని నాలుగోది ఉంది: ఇక్కడి జంట నగరాల (మినియాపొలిస్, సెయింట్ పాల్) చుట్టూ ఉన్న ఏడు కౌంటీల్లో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 7 గంటల మధ్య ఈ మూడు బళ్ల రైలు రోడ్డెక్కకూడదు. హెన్నెపిన్, రామ్సే, అనోకా, డకోటా, స్కాట్, కార్వర్, వాషింగ్టన్ కౌంటీలన్నీ అందులోకి వస్తాయి. మనవాళ్లుండే ఈడెన్ ప్రెయిరీ, ప్లిమత్, మేపుల్ గ్రోవ్ మూడూ హెన్నెపిన్‌లోనివే. శుక్రవారం ఆఫీసు అవగానే బయల్దేరి చీకటి పడేలోగా మిల్ లాక్స్ సరస్సు చేరదామనుకునేవాళ్ల ప్లాను ఇక్కడే తప్పుతుంది. మధ్యాహ్నం మూడింటికల్లా కౌంటీలు దాటెయ్యాలి, లేదంటే రాత్రి భోంచేసి బయల్దేరాలి. మే నెలలో వాలై చేపల సీజను మొదలయ్యే వారాంతమైతే మరీ జాగ్రత్త.

మిషిగన్‌లో లైసెన్సు మీద 'ఆర్' ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి) ఉండాలి, దానికి రాత పరీక్ష రాయాలి. రాష్ట్రం సరిహద్దు దాటుతుంటే దారిలో వచ్చే ప్రతి రాష్ట్రం రూలూ విడివిడిగా చూసుకోండి. మీ రాష్ట్రంలో చెల్లుతుందని పక్క రాష్ట్రం పోలీసు వదిలెయ్యడు.

ఇన్సూరెన్స్ వాళ్లనూ అడగండి. ఫోన్‌లో "పర్లేదండీ" అంటే సరిపోదు, ఈమెయిల్‌లో రాయించుకోండి.

2. పొడవు టేపు పట్టి కొలవండి

బ్రోషర్లలో ఉన్న అంకెలు కూడితే తప్పొస్తుంది. ఫిఫ్త్ వీల్ ముక్కు పికప్ తొట్టి మీదికి వస్తుంది కాబట్టి ఆ మేర రెండుసార్లు లెక్కపడుతుంది. మూడింటినీ తిన్నగా నిలబెట్టి పికప్ ముందు బంపరు నుంచి బోటు చివరిదాకా కొలవండి. 21 అడుగుల పికప్, 30 అడుగుల ఫిఫ్త్ వీల్, 16 అడుగుల అల్యూమినియం బోటు ఉన్న ట్రైలర్ కలిస్తే దాదాపు 66, 67 అడుగులు వస్తుంది.

ఇక్కడ జరిగే పొరపాటు మోటారును మర్చిపోవడం. ప్రయాణంలో అవుట్‌బోర్డ్ మోటారును పైకి వంచి ఉంచుతాం. వంచినప్పుడు అది ఇంకాస్త వెనక్కి పొడుచుకొస్తుంది. కొలత ఆ భంగిమలోనే తీసుకోండి.

3. బరువులు కాటా వేయించండి

ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ అనే కాటా దగ్గరికి వెళ్లండి. ట్రిప్పుకు వెళ్లేటప్పుడు ఎలా ఉంటారో అలాగే వెళ్లాలి: ట్యాంకు నిండా ఇంధనం, మనుషులంతా బండిలో, క్యాంపర్‌లో బియ్యం మూట నుంచి ఇడ్లీ కుక్కర్ దాకా అన్నీ. నవ్వకండి. మన వంట సామాను ఒక్కటే ఎంత తూగుతుందో కాటా మీద చూసి మా ఆవిడే నోరెళ్లబెట్టింది.

ముందు పికప్, ఫిఫ్త్ వీల్ మాత్రమే తూచండి. పికప్ ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, క్యాంపర్ యాక్సిళ్లు ఎంతెంతో విడివిడిగా కాగితం మీద వస్తుంది. తర్వాత బోటు తగిలించి మొత్తం తూచండి. చూడాల్సినవి మూడు:

- మూడు బళ్ల మొత్తం బరువు పికప్‌కు ఇచ్చిన జీసీడబ్ల్యూఆర్ (పికప్, అది లాగేవి అన్నీ కలిపిన బరువు హద్దు) లోపల ఉందా?
- పికప్ వెనక యాక్సిల్ మీద బరువు తలుపు దగ్గరి స్టిక్కరు మీది అంకె లోపల ఉందా?
- క్యాంపర్ యాక్సిళ్ల మీద ఇంకా ఎంత ఖాళీ మిగిలింది?

మూడోది ఎందుకంటే, బోటు ట్రైలర్ మూతి క్యాంపర్ తోకను కిందికి నొక్కుతుంది. తోక దిగితే ముక్కు లేస్తుంది, తూగుడుబల్ల లాగా. లెక్క తేలికే. క్యాంపర్ యాక్సిళ్ల మధ్య నుంచి వెనక బాల్ దాకా 10 అడుగులు, యాక్సిళ్ల నుంచి కింగ్‌పిన్ (క్యాంపర్ ముక్కు కింద పికప్‌కు తగిలే పిన్ను) దాకా 20 అడుగులు ఉన్నాయనుకోండి. బోటు మూతి బరువు 140 పౌండ్లు. పదిని ఇరవైతో భాగించి 140తో గుణిస్తే 70. అంటే కింగ్‌పిన్ మీద 70 పౌండ్లు తగ్గుతాయి. క్యాంపర్ యాక్సిళ్ల మీద 140, 70 కలిపి 210 పౌండ్లు పెరుగుతాయి. కింగ్‌పిన్ మీద 1,700 పౌండ్లున్న బండికి 70 పోవడం పెద్ద విషయం కాదు. కానీ చాలా క్యాంపర్లు ముందే యాక్సిల్ హద్దు అంచుదాకా నిండి ఉంటాయి. అక్కడ ఈ 210 పౌండ్లు భారమే. మిగులు చాలకపోతే నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి వెళ్లండి. నీళ్లు గ్యాలనుకు 8 పౌండ్ల పైనే తూగుతాయి. 40 గ్యాలన్లు వదిలితే 330 పౌండ్లు తగ్గినట్టే.

4. హిచ్ ఫ్రేముకే, బంపరుకు కాదు

అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు ఇదే. క్యాంపర్ వెనక కనిపించే నాలుగంగుళాల చదరపు బంపరు లోపల బోలు, పలుచటి రేకు. చాలా క్యాంపర్లలో అందులో మురుగు పైపు దాచుకుంటారు. దానికి బిగించే రిసీవర్లు అమ్ముతారు, సైకిల్ స్టాండుకు కూడా నేను వాటిని నమ్మను. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడు క్యాంపర్ తోక పైకీ కిందికీ ఎగురుతుంది. అప్పుడు పడే దెబ్బ నిలబడినప్పటి 140 పౌండ్ల కన్నా ఎంతో ఎక్కువ. ఆ దెబ్బలకు బంపరు వెల్డింగు చీలి, బంపరుతో సహా బోటు ఊడిపోతుంది.

రిసీవర్‌ను క్యాంపర్ రెండు పక్కల పొడవునా ఉండే ఐ ఆకారపు ఇనుప దూలాలకు బిగించాలి. బోల్టులతో బిగించే రకాలున్నాయి, వెల్డింగ్ చేసేవీ ఉన్నాయి. వెల్డింగ్ అయితే ట్రైలర్ ఫ్రేములు చేసి చేయి తిరిగినవాడితోనే చేయించండి. దూలం పైరేకుకు అడ్డంగా వెల్డింగ్ వేస్తే అక్కడే పగులు మొదలవుతుంది. కొందరు తయారీదారులు వెనక హిచ్ వేస్తే ఫ్రేము వారంటీ చెల్లదంటారు. పని మొదలుపెట్టకముందే మాన్యువల్ తిరగేయండి. కొత్తగా కొనేవాళ్లు ఫ్యాక్టరీ నుంచే వెనక రిసీవర్ ఉన్న మోడల్ అడగడం ఉత్తమం. అప్పుడు కూడా రిసీవర్ మీది స్టిక్కరు చదవండి. కొన్ని కేవలం సామాను ట్రే, సైకిళ్ల కోసమే, బండి లాగడానికి కాదని దాని మీదే రాసి ఉంటుంది.

పొడవు చాలలేదని రిసీవర్‌లో ఎక్స్‌టెన్షన్ గొట్టం దూర్చవద్దు. గొట్టం పెరిగేకొద్దీ హిచ్ మోయగలిగేది తగ్గుతుంది.

చెక్ ఎలా: మొదటి 500 మైళ్ల తర్వాత పడుకుని టార్చి వేసి చూడండి. బోల్టు చుట్టూ రంగు పొడిలా రాలిందంటే అది కదులుతోందని. వెల్డింగు పక్కన సన్నటి తుప్పు గీత కనిపిస్తే పగులు కావచ్చు, బోటు అక్కడే దింపేయండి.

5. బోటు మూతి బరువు సరిచూడండి

మొత్తం బోటు, ట్రైలర్, మోటారు, బ్యాటరీలు కలిసి 1,350 పౌండ్లుంటే మూతి మీద దాదాపు పదో వంతు, అంటే 135 పౌండ్ల దగ్గర ఉండాలి. బాత్రూమ్ తూకం మిషను మీద చెక్క దిమ్మ పెట్టి, ట్రైలర్ బల్లపరుపుగా ఉండేలా, కప్లర్‌ను దాని మీద ఆనించి చూడండి. చిన్న బోటుకు ఇది చాలు.

చిన్న బోట్లలో మోటారు, పెట్రోలు డబ్బా, బ్యాటరీ మూడూ వెనకే ఉంటాయి. అందుకే మూతి తేలిపోతుంది. మూతి తేలికైన ట్రైలర్ తోక ఊపుతుంది, ఆ ఊపు క్యాంపర్‌ను పట్టుకుంటుంది. తక్కువ వస్తే పెట్రోలు డబ్బా, లంగరు ముందుకు జరపండి. అయినా చాలకపోతే వించ్ (బోటు ముక్కును లాగి బిగించే గిలక) స్తంభాన్ని కాస్త ముందుకు జరిపి బోటునే ముందుకు లాగండి.

6. ఎత్తు, సందు

ఫిఫ్త్ వీల్ వెనక భాగం ఎత్తుగా ఉంటుంది. బోటు కప్లర్ ఎత్తుకు తేవాలంటే ఆరంగుళాలో ఇంకా ఎక్కువో దిగిన బాల్ మౌంట్ కావాలి. మరీ దిగితే పెట్రోలు బంకు వాలు దగ్గర నేలకు గీసుకుంటుంది. మధ్యే మార్గం చూసుకోండి.

బాల్ సైజు కప్లర్ మీద అచ్చువేసి ఉంటుంది. చిన్న బోట్లకు 1.875 అంగుళాలది, లేదా 2 అంగుళాలది. పెద్ద కప్లర్‌లో చిన్న బాల్ పెట్టినా లాక్ పడినట్టే కనిపిస్తుంది, మొదటి గుంతలో ఊడుతుంది. తగిలించాక టంగ్ జాక్‌తో పైకి లేపి చూడండి. క్యాంపర్ తోక కూడా కదిలితేనే కప్లర్ పట్టినట్టు.

7. లైట్ల వైర్లు

ఎక్కువ ఫోన్లు దీని మీదే వస్తాయి. క్యాంపర్ వెనక లైట్లకు వచ్చే వైర్ల నుంచే బోటు లైట్లకు పాయ తీస్తాం. బోటు వైపు రంగులు సాధారణంగా ఇలా ఉంటాయి: తెలుపు ఎర్త్, గోధుమ రంగు వెనక లైట్లు, పసుపు ఎడమ బ్రేకు, ఇండికేటరు, ఆకుపచ్చ కుడివి. క్యాంపర్ లోపలి వైర్ల రంగులను మాత్రం నమ్మకండి. టెస్ట్ లైటు పెట్టి, లోపల ఒకరు ఇండికేటరు వేస్తుంటే ఏది వెలుగుతుందో చూసి గుర్తులు కట్టుకోండి.

పికప్ నుంచి బోటు చివరిదాకా అరవై అడుగుల పైన వైరు. దారి పొడవునా కరెంటు సన్నగిల్లి చివరి లైట్లు మిణుకుమంటాయి. రెండు పనులు చేయండి. బోటు లైట్లను నీరు చొరని ఎల్‌ఈడీలకు మార్చండి. క్యాంపర్ బ్యాటరీ నుంచి ఫ్యూజ్‌తో విడిగా పవర్ తీసుకునే కన్వర్టర్ వేయండి. అప్పుడు క్యాంపర్ వైర్లు సిగ్నల్ మాత్రమే ఇస్తాయి, పికప్ ఫ్యూజు మీద భారం పడదు.

నొక్కితే వైరులోకి దిగే నీలం క్లిప్పులు వాడకండి. పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది, నిజమే. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ తడి వాటిలోకి పోయి వసంతానికి రాగి తీగ ఆకుపచ్చ పొడి అయిపోతుంది. నేను ఒకసారి మొత్తం ఊడబెరికి మళ్లీ వేసుకున్నాను. వేడి చేస్తే ముడుచుకుని మూసుకునే కనెక్టర్లు వాడండి. తెల్ల వైరును రంగు గీకిన ఫ్రేముకు స్క్రూతో బిగించండి. ఎర్త్ సరిగా లేనప్పుడు కరెంటు బాల్ ద్వారా దారి వెతుక్కుంటుంది, ఎడమ ఇండికేటరు వేస్తే రెండూ మసకగా మిణుకుతాయి. ఆ లక్షణం కనిపిస్తే వేరే ఏమీ విప్పకుండా ముందు తెల్ల వైరు చూడండి.

8. తగిలించే వరుస

ముందు ఫిఫ్త్ వీల్, తర్వాత బోటు. బోటును క్యాంపర్ దగ్గరికి చేత్తో తోసుకురావడమే సులువు, క్యాంపర్‌ను బోటు దగ్గరికి గురిచూసి వెనక్కి తేవడం కాదు. తర్వాత ఇలా:

- కప్లర్ గొళ్లెం, దానికి పిన్ను.
- భద్రత గొలుసులు కత్తెరలా, టంగ్ కింద నుంచి. కప్లర్ ఊడితే ఆ గొలుసుల ఉయ్యాల్లో పడాలి, రోడ్డు మీద కాదు. మలుపు తిరిగేంత వదులు ఉండాలి, నేలకు రాసుకోకూడదు.
- గొలుసులు రిసీవర్ కొక్కేలకే. బాల్ మౌంట్‌కు కాదు, బంపరుకు అసలే కాదు.
- బోటు ముక్కుకు వించ్ పట్టీ, దానితో పాటు విడి గొలుసు. వెనక రెండు మూలలా రాట్చెట్ పట్టీలు.
- మోటారు ఊగకుండా కింద ఆసరా కడ్డీ.
- బోటులో కుషన్లు, లైఫ్ జాకెట్లు ఏవీ వదులుగా వద్దు. హైవే గాలికి ఎగిరి వెనక కారు అద్దం మీద పడతాయి.

కవరు విషయంలో ఒక మాట. ఇంటి దగ్గర కప్పే కవరు ప్రయాణానికి పనికిరాదు, గంటలో చిరుగుతుంది. ప్రయాణానికని చేసినదుంటే బిగించి కట్టండి, లేకపోతే ఏమీ కప్పకండి.

9. ఖాళీ పార్కింగ్‌లో రిహార్సల్

ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉండే పెద్ద పార్కింగ్ స్థలం చూసుకోండి. స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పి మెల్లగా గుండ్రంగా తిరగండి, తర్వాత కుడికి. బయట ఒకరు నిలబడి బోటు ముక్కుకూ, క్యాంపర్ నిచ్చెనకూ, స్పేర్ టైరుకూ మధ్య సందు చూడాలి. అరచేయి అడ్డం పట్టనంత సందైతే లాభం లేదు, బోటు ట్రైలర్ టంగ్‌నే పొడిగించాలి లేదా నిచ్చెన తీయించాలి.

మలుపులో క్యాంపర్ తోక బయటికి కొట్టుకుంటుంది, బోటు చక్రాలేమో లోపలికి కోసుకొస్తాయి. ఒక ప్లాస్టిక్ శంకువు పెట్టి దాన్ని బోటు చక్రం తొక్కకుండా కుడి మలుపు తిప్పడం వచ్చేదాకా ప్రాక్టీసు చేయండి. కెమెరా బొమ్మ ఎండలో కనిపిస్తోందో లేదో కూడా ఇక్కడే తేలిపోతుంది.

10. రోడ్డు మీద

గంటకు 60 మైళ్ల దగ్గర ఉండండి. ఎస్‌టీ అని రాసి ఉన్న ట్రైలర్ టైర్లలో చాలావాటికి హద్దు 65 మైళ్లే. బోటు ట్రైలర్ చక్రాలు చిన్నవి కాబట్టి మీ పికప్ చక్రం ఒకసారి తిరిగేసరికి అవి ఒకటిన్నర, రెండుసార్లు తిరుగుతాయి. బేరింగులకు ఆ వేడి తగులుతుంది. బయల్దేరిన పది, పదిహేను మైళ్లకు మొదటిసారి ఆగండి, తర్వాత గంటన్నరకోసారి. థర్మామీటరు హబ్ మీద పెట్టి రెండు పక్కలా చూడండి. అంకె ఎంతన్నది కాదు, రెండింటికీ తేడా ఉందా అన్నది ముఖ్యం. ఒకటి రెండోదానికన్నా బాగా వేడెక్కితే ఆ బేరింగు పోతోంది.

టైరు గీతలు బాగున్నాయని మురిసిపోకండి. పక్కన డాట్ కోడ్ చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో చేసింది. బోటు టైర్లు అరిగి పోవు, ఎండకు ఎండి పోతాయి. ఐదారేళ్లు దాటితే మార్చేయండి.

తోక ఊగడం మొదలైతే బ్రేకు తొక్కకండి, స్టీరింగ్‌తో సరిదిద్దాలని చూడకండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీది కాలు మెల్లగా తీయండి, సద్దుకుంటుంది. పక్కకు ఆపి మూతి బరువు మళ్లీ చూసుకోండి. ఓవర్‌టేక్ చేశాక మీ లేన్‌లోకి వచ్చేటప్పుడు, బోటు కూడా దాటిందని కెమెరాలో కనిపించాకే రావాలి.

11. వెనక్కి పోదు, ఒప్పుకోండి

మా ఊళ్లో ట్రాక్టరుకు ట్రక్కు కట్టి వెనక్కి నడిపిన చేతులు నావి. ఆ గర్వంతో మొదటి ఏడాది క్యాంప్‌గ్రౌండ్‌లో ఈ మూడు బళ్లనూ వెనక్కి తోయబోయాను. రెండు కీళ్లున్నచోట ఒక కీలును సరిచేస్తే రెండోది మడుచుకుపోతుంది. పది అడుగుల్లో బోటు అడ్డం తిరిగింది. పక్క సైట్లవాళ్లు కుర్చీలు మావైపు తిప్పుకున్నారు.

కాబట్టి ప్లాను వెనక్కి అవసరం రాకుండా వేసుకోండి. బుక్ చేసేటప్పుడు ముందు నుంచి వచ్చి ముందుకే పోయే పుల్-త్రూ సైటు అడగండి, దాని పొడవు కూడా అడగండి. బంకులో డీజిలును లారీలు పోసుకునే వైపే పోయించుకోండి. తెలియని చిన్న రోడ్డులోకి దిగేముందు శాటిలైట్ మ్యాప్‌లో చివర తిరగడానికి చోటుందో చూడండి.

అయినా ఇరుక్కుంటే బోటు విప్పడమొక్కటే దారి. ముందు బోటు చక్రాలకు రెండు వైపులా అడ్డు చెక్కలు, ఆ తర్వాతే కప్లర్ గొళ్లెం. వరుస తప్పితే వాలులో బోటు తన దారి తాను చూసుకుంటుంది. చదును నేల మీదైతే ఈ సైజు బోటును ఇద్దరు పెద్దవాళ్లు చక్రం జాక్ మీద తోసుకుపోగలరు. వాలులో ప్రయత్నించకండి.

12. ర్యాంపు దగ్గర

క్యాంపర్‌ను సైటులో దింపాక బోటును పికప్‌కే కట్టుకుని ర్యాంపుకు వెళ్లాలి. అందుకు పికప్ బంపరు కింద ఇంకో బాల్ మౌంట్ కావాలి. క్యాంపర్‌కు వాడినది అంత కిందికి దిగి ఉంటుంది, పికప్‌కు పనికిరాదు. రెండోది ఇంట్లో మర్చిపోయి నూరు మైళ్లు వెళ్లినవాళ్లను నేను చూశాను.

నీళ్లలోకి దింపేముందు లైట్ల కనెక్టర్ ఊడదీయండి. వెనక పట్టీలు విప్పండి, ముక్కు పట్టీ మాత్రం నీళ్లు తగిలేదాకా ఉంచండి. దింపకముందే డ్రెయిన్ ప్లగ్ (బోటు అడుగున నీళ్లు పోయే రంధ్రానికి బిరడా) కూడా పెట్టాలి. జీబ్రా మజిల్ అనే చిన్న ఆల్చిప్ప లాంటి జీవులు ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు పాకకుండా మిన్నెసోటాలో బోటును రోడ్డు మీద తీసుకెళ్లేటప్పుడు ప్లగ్ తీసే ఉంచాలని చట్టం. తిరిగి వచ్చేటప్పుడు నాచు పీకి, నీళ్లన్నీ వంచి, ప్లగ్ తీసి రోడ్డెక్కాలి. అందువల్ల ప్రతిసారీ ప్లగ్ లేకుండానే ర్యాంపుకు చేరతారు. పిల్లల తొందరలో దాన్ని పెట్టడం మర్చిపోతే ఐదు నిమిషాల్లో కాళ్ల కింద చల్లగా తగులుతుంది. మాకు తగిలింది. అప్పటి నుంచి ఆ ప్లగ్‌ను పికప్ తాళాల గుత్తికి కట్టేశాను. ఇంజను ఆపి తాళం తీసిన ప్రతిసారీ అది చేతికి తగులుతుంది.